25 ఏళ్ల గ్లెన్‌ఫార్క్లస్ విస్కీ రుచి చూశాను, కాస్త వివరంగా రాస్తున్నాను

అబర్డీన్ శ్రీను:

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇది మాత్రం రాయకుండా ఉండలేకపోయాను.

నేను అబర్డీన్‌లో ఆయిల్ కంపెనీలో పని చేస్తున్నాను. పోయిన నెల మా పెళ్లిరోజుకి మా ఆవిడా నేనూ కారేసుకుని స్పేసైడ్ వెళ్లాం, స్కాట్లండ్‌లో విస్కీకి పేరున్న ప్రాంతం అది. బాలిండాలక్ దగ్గర గ్లెన్‌ఫార్క్లస్ డిస్టిలరీ ఉంది. వెనకాల బెన్ రిన్నెస్ కొండ, చుట్టూ పచ్చిక. గేలిక్ భాషలో ఆ పేరుకు పచ్చగడ్డి లోయ అని అర్థమట. 1836లో లైసెన్సు వచ్చింది. 1865లో జాన్ గ్రాంట్ అనే రైతు దాన్ని 511 పౌండ్ల 19 షిల్లింగులకు కొన్నాడు. ఈ రోజుకీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. గ్లెన్‌ఫిడిక్ అనే ఇంకో విస్కీ చేసే గ్రాంట్లు వేరే కుటుంబం, పేరు ఒకటే కాబట్టి చాలామంది పొరబడతారు.

నన్ను కదలకుండా నిలబెట్టింది వాళ్ల బట్టీలు. ఆరు రాగి బట్టీలు, ఒక్కొక్కటీ రెండంతస్తుల ఎత్తు ఉన్నట్టనిపించింది. స్కాట్లండ్‌లో ఎక్కువమంది ఇప్పుడు ఆవిరి గొట్టాలతో కాస్తారు, వీళ్లు ఇంకా అడుగున గ్యాస్ మంట పెట్టే కాస్తారు. 1981లో ఆవిరి పెట్టి చూశారట. సరుకు స్వభావం మారిపోయిందని మళ్లీ మంటకే వచ్చేశారు. నేరుగా మంట తగిలితే అడుగంటుతుంది కదా, అందుకని బట్టీ లోపల అడుగున రాగి గొలుసు తిరుగుతూ గీకుతూ ఉంటుంది. అరిసెల పాకం అడుగంటకుండా తెడ్డు తిప్పుతూనే ఉంటామే, అదే పని.

రుచి చూపించే గది పేరు షిప్స్ రూమ్. 1952లో విడగొట్టేసిన ఎంప్రెస్ ఆఫ్ ఆస్ట్రేలియా అనే ఓడలోని చెక్క పలకలు తెచ్చి ఆ గది గోడలకు బిగించారు. అక్కడ కూర్చోబెట్టి వరసగా నాలుగు గ్లాసులు పెట్టారు. నాలుగోది పీపాలో 25 ఏళ్లు ఉంచినది. నిజం చెప్పాలంటే దాని దగ్గరికి వచ్చేసరికి నా నాలుక అలసిపోయింది, పక్కన మాటల సందడి. బాగుంది అనుకున్నాను, అంతే.

అసలు సంగతి ఆ రాత్రి ఇంట్లో జరిగింది. స్కాట్లండ్‌లో 2014 డిసెంబర్ నుంచి డ్రైవింగ్‌కి ఆల్కహాల్ పరిమితి బాగా తగ్గించారు, ఇంగ్లండ్ కన్నా తక్కువ. కారు నడిపేవాళ్ల వంతు చిన్న చిన్న సీసాల్లో పోసి ఇంటికి ఇచ్చేస్తారు. ఆ రోజు కారు నడిపింది మా ఆవిడ, తనకు మందు అలవాటు లేదు. కాబట్టి తన వంతు 25 కూడా నాకే వచ్చింది. భోజనం అయ్యి గంట గడిచాక, టీవీ కట్టేసి, గ్లాసులో పోసుకున్నాను. "ఏదీ, ఒకసారి ఇటివ్వండి, వాసన మాత్రం చూస్తా" అంది. ఇచ్చాను. కళ్లు మూసుకుని రెండు సార్లు పీల్చి, "మా అమ్మమ్మగారి భోషాణం మూత తీసినట్టుంది" అంది.

ఆ మాట విన్నాక నేను మళ్లీ వాసన చూశాను. అప్పుడు తెలిసింది నాకు. పాత చెక్క, దాని వెనక ఎండు ఖర్జూరం, ఇంకాస్త ఆగితే తేనెమైనం. పది నిమిషాలు పోయాక ఎండిన నారింజ తొక్క. మొదటి గుటక తీయగా మొదలైంది. పంచదార తీపి కాదు, తాటి బెల్లం తీపి, అడుగున కొంచెం చేదు ఉంటుందే, అలాంటిది. తర్వాత లవంగం. చివర్లో నాలుక పక్కల వక్క నమిలినట్టు వగరు. రెండు చుక్కల నీళ్లు వేస్తే వేయించిన జీడిపప్పు వాసన వచ్చింది. 25 మిల్లీలీటర్లు కూడా లేని సీసా, యాభై నిమిషాలు తాగాను. గ్లాసు కడగకుండా పడుకున్నాను. పొద్దున ఆ ఖాళీ గ్లాసులో పొగాకు, తేనెమైనం కలిసిన వాసన ఉంది.

ఇక్కడ ఇలాంటి పాత విస్కీలు రుచి చూసినవాళ్లు ఉంటే రాయండి. పీపాలో అన్నేళ్లు ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు చెబితే ఇంకా సంతోషం.

గోదారి గట్టు:

శ్రీను గారూ, భోషాణం దగ్గర ఆగిపోయి రెండు సార్లు చదివాను. మేం రాజమండ్రిలో ఫ్రెండ్స్ కలిసినప్పుడు సోడా, ఐస్ వేసుకుని తాగడమే. సింగిల్ మాల్ట్, అదే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీ, రెండు మూడు సార్లు తాగాను కానీ మీరు చెప్పినవేవీ నాకు తగల్లేదు, ఘాటు ఒక్కటే తెలిసింది. నా ముక్కులో లోపమా, తాగే పద్ధతిలోనా? ఎలా తాగాలో కాస్త విడమర్చి చెప్పండి.

అబర్డీన్ శ్రీను:

ముక్కులో లోపం ఏమీ ఉండదండి. ఐస్ వేస్తే చల్లదనానికి వాసనలు పైకి లేవవు, సోడా వేస్తే మిగిలినవి పలచబడిపోతాయి. మామూలు విస్కీకి అది మంచి పద్ధతే, తప్పనను. పాతికేళ్లదానికి మాత్రం వద్దు.

నేను చేసేది ఇది. కింద బొద్దుగా, పైన మూతి సన్నంగా ఉండే గ్లాసు తీసుకుంటాను, గ్లెన్‌కెయిర్న్ అని దొరుకుతుంది. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. కొంచెమే పోసి పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేస్తాను. ముక్కు గ్లాసులోకి దూర్చకూడదు, ఆల్కహాల్ మంట కొట్టి ఇంకేం తెలియదు. గడ్డం దగ్గర పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, నెమ్మదిగా పీల్చాలి. మొదటి గుటక నోరు అలవాటు పడడానికే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. రెండోదాన్ని నోట్లో కాసేపు ఉంచండి. ఇంకో సంగతి, కారం కూర తిన్న వెంటనే వద్దు. గోంగూర మాంసం తిన్న రోజు అసలు సీసా తీయకండి.

కెమిస్ట్రీ మాస్టారు:

కాలేజీలో పాతికేళ్లు కెమిస్ట్రీ చెప్పాను, ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

స్కాచ్ అనాలంటే 700 లీటర్లకు మించని ఓక్ చెక్క పీపాలో, స్కాట్లండ్‌లోనే, కనీసం మూడేళ్లు ఉండాలి. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. లేబుల్ మీద 25 అని ఉంటే అందులో కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు అది.

పీపా లోపల మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. చెక్క కొన్ని ఇస్తుంది: చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ విడిపోయి వెనిల్లా వాసన, లాక్టోన్లనే పదార్థాల వల్ల కొబ్బరి వాసన, యూరప్ ఓక్ అయితే లవంగంలో ఉండే యూజినాలే, ఇంకా వగరునిచ్చే టానిన్. శ్రీను గారికి తగిలిన లవంగం, వక్క వగరు అక్కడివే. చెక్క కొన్ని తీసుకుంటుంది కూడా. పీపా లోపల కాల్చిన పొర గంధకపు వాసనలను లాగేస్తుంది. మూడోది చాలా నెమ్మదైన పని. చెక్క రంధ్రాల్లోంచి గాలి లోపలికి వస్తుంది, ఆల్కహాల్, ఆమ్లాలు కలిసి పళ్ల వాసన ఇచ్చే ఎస్టర్లు అవుతాయి, అవి మళ్లీ మారతాయి. మొదటి రెండు పనులూ కొన్నేళ్లలో చాలావరకు అయిపోతాయి. మూడోదానికి దశాబ్దాలు కావాలి. మీ ఎండు ఖర్జూరంలో కొంత షెర్రీ పీపాది, అంటే ముందు షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన పీపాది, ఆ తేనెమైనం మాత్రం చాలావరకు కాలానిదే అని నా నమ్మకం.

గాలి లోపలికి వచ్చినట్టే సరుకు బయటికీ పోతుంది. స్కాట్లండ్‌లో ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. 500 లీటర్ల షెర్రీ పీపా నింపి పాతికేళ్లు ఉంచితే ఈ లెక్కన 300 లీటర్లు మిగులుతాయి. రాతి గోడలు, మట్టి నేల ఉన్న చల్లటి పాత గోడౌన్లలో తేమ ఎక్కువ కాబట్టి నీళ్ల కన్నా ఆల్కహాల్ ఎక్కువ పోతుంది, ఘాటు కూడా ఏటా తగ్గుతుంది. మామూలుగా 63.5 శాతం దగ్గర నింపుతారు. మరీ ఎక్కువ ఏళ్లు వదిలేసి 40 కిందకు పడిపోతే ఇక దాన్ని స్కాచ్ అని అమ్మడానికి వీల్లేదు. అందుకే పాత పీపాలను ఎప్పటికప్పుడు కొలిచి చూసుకుంటూ ఉంటారు.

నీళ్ల చుక్కల సంగతి: 2017లో స్వీడన్ పరిశోధకులు ఇద్దరు కంప్యూటర్ మీద లెక్క కట్టి చూపించారు. నీళ్లు కలిపినప్పుడు గ్వాయకాల్ అనే అణువు విస్కీ పైపొరకు ఎక్కువగా చేరుతుందని తేలింది. అది పొగ వాసనకు సంబంధించినది. గ్లెన్‌ఫార్క్లస్ పొగ పెట్టని బార్లీతో చేసేది కాబట్టి అదే లెక్క ఇక్కడ నేరుగా వర్తిస్తుందని చెప్పను, కానీ నీళ్లు వేస్తే వాసన మారడం మాత్రం నిజం.

బెంగళూరు బాబాయ్:

మాస్టారూ, బాగా చెప్పారు. శ్రీనూ, నీ పోస్టు కూడా మనసుకి తగిలింది. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి కుర్రాళ్లు లేబుల్ మీద అంకె చూసి జేబు ఖాళీ చేసుకోకూడదు.

నేనుండే ఊళ్లో అమృత్ అనే డిస్టిలరీ ఉంది. 2004లో వాళ్లు సింగిల్ మాల్ట్‌ని మొదట విడుదల చేసింది ఎక్కడో తెలుసా? గ్లాస్గోలో! ఇక్కడి ఎండకు ఏడాదికి 10 నుంచి 12 శాతం ఆవిరైపోతుంది. 10 శాతమే వేసుకున్నా పదేళ్లకు పీపాలో మూడో వంతు మిగులుతుంది, పాతికేళ్లు ఉంచితే దాదాపు ఖాళీ పీపాయే. ఎనిమిదేళ్లు ఉంచినదానికి వాళ్లు గ్రీడీ ఏంజెల్స్ అని పేరు పెట్టారు, దేవదూతలు అత్యాశ పడ్డారని. నాలుగైదేళ్ల అమృత్ తాగి ఇది పన్నెండేళ్ల స్కాచ్ అనుకున్నవాళ్లను నేను చూశాను.

అదే గ్లెన్‌ఫార్క్లస్‌లో 15 ఏళ్లది 46 శాతం ఉంటుంది. 25 ది 43. ధర తేడా చూస్తే కళ్లు తిరుగుతాయి. నా ఓటు 15కే. వయసు పెరిగితే రుచి పెరుగుతుందనేది అమ్మేవాళ్ల మాట.

ఎడిన్‌బరా లలిత:

బాబాయ్ గారూ, సగం ఒప్పుకుంటాను. నేను ఇక్కడ ఒక బార్‌లో ఆరేళ్లుగా పని చేస్తున్నాను, పాత సీసాలు తెరవడం నా పనిలో భాగం. 30 దాటినవాటిలో చెక్క తప్ప ఇంకేమీ మిగలనివి చాలా రుచి చూశాను. టేకు పొట్టు నోట్లో వేసుకున్నట్టు ఉంటాయి. వాటి మీద అంత డబ్బు పెట్టినవాళ్ల ముఖం చూస్తే బాధేస్తుంది.

కానీ అది వయసు తప్పు కాదండి, పీపా ఎంపికలో తప్పు. కొత్త షెర్రీ పీపా మొదటి పదేళ్లలోనే దండిగా ఇచ్చేస్తుంది. అందులో 25 ఏళ్లు ఉంచితే వగరెక్కిపోతుంది. అందుకే ఎక్కువ కాలం ఉంచాలనుకున్నదాన్ని అప్పటికే ఒకటి రెండు సార్లు వాడిన పీపాలో పోస్తారు. ఆ చెక్క తక్కువ ఇస్తుంది, గాలిని మాత్రం అంతే రానిస్తుంది. మాస్టారు చెప్పిన మూడో పనికి అప్పుడు టైమ్ దొరుకుతుంది. ఎల్గిన్‌లో గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ అనే పాత సంస్థ ఉంది. 1940లో పీపాలో పోసిన గ్లెన్‌లివెట్ అనే విస్కీని 2021లో, 80 ఏళ్లకు, విడుదల చేశారు. అప్పటికీ 44.9 శాతం ఉంది! సరైన పీపాలో, సరైన చోట పెట్టి, రెండు మూడు తరాలు ఓపిక పట్టారు కాబట్టే అది నిలబడింది.

బెంగళూరు ఎండ మొదటి పనిని వేగంగా చేస్తుంది. మూడో పనిని అంత వేగంగా చేయగలదా అనేది నా అనుమానం. అమృత్ అంటే నాకు చాలా ఇష్టం, ఇక్కడ వచ్చినవాళ్లకు గర్వంగా పోస్తాను. అది వేరే అందం. శ్రీను గారి ఇంట్లో భోషాణం తెరుచుకోవాలంటే మాత్రం ఆ పాతికేళ్లు కావాల్సిందే.

పాలకొల్లు:

అందరూ రాసినవి చదివాను. నేను తాగను. మా నాన్న సారా వల్ల మా ఇల్లు ఏమైందో చెప్పడం మొదలుపెడితే ఆగదు. మందు వాసన వస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది, చిన్నప్పటి రాత్రులు గుర్తొస్తాయి. మీ మీద కోపంతో రాయడం లేదు. ఇంత ప్రేమగా రాస్తుంటే చదివేవాళ్లలో మాలాంటివాళ్లు కూడా ఉంటారని చెప్పాలనిపించింది.

అబర్డీన్ శ్రీను:

చెప్పినందుకు కృతజ్ఞతలండి. మా పెద్దనాన్న కుటుంబంలోనూ ఈ కథే, అందుకే మీ మాట నాకు పరాయిగా అనిపించలేదు. మా ఇంట్లో నేను పెట్టుకున్న నియమం ఒకటే, మనసు బాగోలేని రోజు సీసా ముట్టను. ఈ చర్చ మీకు బాధ కలిగిస్తే క్షమించండి.

డాలస్ రవి:

అందరికీ ఉపయోగపడుతుందని నా అనుభవం రాస్తున్నాను. మా అబ్బాయి పుట్టిన ఏడాది ఒక 18 ఏళ్ల సింగిల్ మాల్ట్ కొన్నాను, వాడి గ్రాడ్యుయేషన్‌కి తెరుద్దామని. వైన్ సీసాల పక్కన వాటిలాగే పడుకోబెట్టి దాచాను. మొన్న మే నెలలో తెరిస్తే కార్క్ సగం విరిగి లోపల పడింది. విస్కీ నిండా కార్క్ పొడి. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు, నా ప్రాణం ఉసూరుమంది. 22 ఏళ్లు ఎదురు చూశాను దానికోసం.

ఎడిన్‌బరా లలిత:

అయ్యో రవి గారూ. పారబోయలేదు కదా? కాఫీ ఫిల్టర్ పేపర్లోంచి గానీ, ఉతికిన పలచటి నూలు గుడ్డలోంచి గానీ వడగట్టి శుభ్రమైన వేరే సీసాలో పోయండి, చక్కగా తాగొచ్చు. వైన్‌ని పడుకోబెడతారు, విస్కీని ఎప్పుడూ నిలబెట్టాలి. ఈ ఘాటుకు కార్క్ నానితే పాడైపోతుంది. ఎండ తగలని బీరువాలో నిలబెట్టండి చాలు. సీసాలోకి వచ్చాక వయసు పెరగదు, మీది ఇప్పటికీ 18 ఏళ్లదే. తెరిచాక మాత్రం సీసాలో సగం కన్నా తగ్గితే గాలి తగిలి నెమ్మదిగా చప్పబడుతుంది, కాబట్టి చిన్న సీసాలోకి మార్చుకోండి.

డాలస్ రవి:

పారబోయలేదండి. మీరు చెప్పినట్టే వడగట్టాం. మా అబ్బాయి దగ్గరుండి చేశాడు. రుచి బాగానే ఉంది. చాలా థ్యాంక్స్.

గోదారి గట్టు:

మా బావ దసరాకి లండన్ నుంచి వస్తున్నాడు. ఒకటి తెమ్మంటే ఎంతవరకు తేవచ్చు? ఇక్కడ కొనాలంటే ధర అందుబాటులో లేదు.

బెంగళూరు బాబాయ్:

పెద్దవాళ్లయితే మనిషికి 2 లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. బ్రిటన్ సీసా 700 మిల్లీలీటర్లు కాబట్టి రెండు సీసాలు హాయిగా వస్తాయి. చెక్-ఇన్ లగేజీలో బట్టల మధ్య చుట్టి, నిలువుగా పెట్టమను. ధర సంగతికొస్తే మన దేశంలో స్కాచ్ మీద దిగుమతి సుంకం 2025 నాటికి 150 శాతం ఉండేది. 2025 జూలైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం ప్రకారం అది ముందు 75కి, పదేళ్లలో 40కి దిగాలి. రాష్ట్రాల పన్నులు మాత్రం ఎప్పటిలాగే పైన ఉంటాయి.

బెంగళూరు బాబాయ్:

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. మా తమ్ముడి దగ్గర 25 ఉంది, నా దగ్గర 15 ఉంది. శ్రీను చెప్పిన పద్ధతిలోనే, రాత్రి భోజనమయ్యాక రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకున్నాం. ఐస్ లేదు, మాటల్లేవు.

మొదటి పావుగంటా 15 గెలిచింది. దమ్ము ఎక్కువ, కిస్‌మిస్ పళ్ల వాసన పోటెత్తింది. నేనన్నదే నిజమైందని మా తమ్ముడితో అన్నాను. అరగంట దాటాక 15 ఎక్కడ ఉందో అక్కడే ఉంది. 25 మాత్రం మారుతూనే ఉంది. ఒకసారి నారింజ తొక్క, ఇంకోసారి పాత తోలు సంచి, ఇంకోసారి ఆత్రేయపురం మామిడి తాండ్ర. నీళ్లు మాత్రం 15కే నప్పాయి, 25లో నేను మూడు చుక్కలు ఎక్కువ వేసేసరికి అది మూగబోయింది. కాబట్టి శ్రీను చెప్పిన రెండు చుక్కలు దాటొద్దు, అది కూడా సగం తాగాక.

సీసా కొనాలంటే నేను ఇప్పటికీ 15 ఏ కొంటాను. కానీ వయసుకు రుచితో సంబంధం లేదన్నట్టు రాశాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. లలితమ్మా, మూడో పని సంగతి నువ్వు చెప్పిందే సరైనది.

పాలకొల్లు:

ఆ రోజు అలా రాశాక నాకే మనసొప్పక మళ్లీ చదివాను. మొన్న అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు మా అమ్మమ్మ భోషాణం తెరిచాను. నాన్న చాలా వస్తువులు అమ్మేశాడు కానీ అది బరువని ఎవరూ కొనలేదు. మూత తీయగానే పాత చెక్క, పట్టు, వట్టివేళ్లు కలిసిన వాసన వచ్చింది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. శ్రీను గారూ, మీ ఆవిడగారు గ్లాసులో ఏం చూశారో నాకు అర్థమైంది. ఆవిడకి చెప్పండి.

అబర్డీన్ శ్రీను:

ఇప్పుడే చదివి వినిపించానండి. వాళ్ల అమ్మమ్మగారి భోషాణంలోనూ బట్టల మధ్య వట్టివేళ్లు పెట్టేవారట. "ఆ గ్లాసులో అవి కూడా ఉన్నాయి, పేరు గుర్తు రాక చెప్పలేదు" అంటోంది. నాకు ఆ వాసన దొరకలేదు. తను తెచ్చిన రెండో చిన్న సీసా, 21 ఏళ్లది, ఇంకా తెరవలేదు. శనివారం రాత్రి ఇద్దరం కూర్చుని అందులో వెతుకుతాం.